అరవై సర్వర్లు, ఒక ఒంటిపూట సెలవు

ఆ రోజు పథకం అరచేతిలో పట్టేంత చిన్నది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళాలి. తొమ్మిదింటికి అరవై సర్వర్లను నిద్ర లేపాలి. ఒంటిగంటకు బయటపడి, మూడింటికల్లా కూతురి బడి మైదానంలో నిలబడాలి. అక్కడ మూడు కాళ్ళ పరుగు. తండ్రి ఎడమకాలు, కూతురి కుడికాలు కలిపి తాడుతో కట్టుకుని పరిగెత్తే పోటీ. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి! చెడిపోయింది. ఎలా చెడిపోయిందో వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు.

చిట్టి పొద్దున్నే బూట్లు వేసుకుంటూ తండ్రిని నిలదీసింది.

"నాన్నా, కిందటేడు ఏమైందో గుర్తుందా?"

"గుర్తుందమ్మా."

"అయితే చెప్పు."

చెప్పక తప్పలేదు. కిందటేడు తను వెళ్ళలేకపోతే పీటీ మాస్టారు జాలిపడి తన కాలు ఇచ్చాడు. ఆయనది ఆరడుగుల విగ్రహం. ఈల వినపడగానే అలవాటు కొద్దీ పరుగు లంకించుకున్నాడు. చిట్టి ఆయన కాలికి వేలాడుతూ వెళ్ళింది. అందరికన్నా ముందు గీత దాటారు గానీ, పిల్ల పాదం నేలకు ఆనలేదని ఇద్దర్నీ పోటీలోంచి తీసేశారు.

"ఈసారి నువ్వు రాకపోతే కుర్చీ కాలు కట్టుకుని పరిగెత్తుతా. అదైనా చెప్పిన చోట ఉంటుంది," అని చిట్టి సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట అతని గుండెలో ముల్లులా దిగింది. భార్య టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఓరకంట చూసింది. "మీ ఆఫీసు సంగతి నాకు తెలుసండీ. సరిగ్గా మీరు బయలుదేరే వేళకు ఏదో ఒకటి కూలిపోతుంది."

"ఈసారి అలా కాదు. సెలవు పది రోజుల క్రితమే ఖాయమైంది. దాన్ని బ్రహ్మదేవుడు కూడా కదపలేడు!"

ఆఫీసులో ఇతణ్ణి అందరూ ఇస్త్రీ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. వాళ్ళది కళ్ళజోళ్ళ కంపెనీ. ఊళ్ళనిండా అరవై దుకాణాలు, దుకాణానికొక సర్వరు. ఒక్కో సర్వర్నీ కూర్చుని తయారు చేస్తే జీవితం సరిపోదు గనక ఇస్త్రీ ఒక్కదాన్నే తయారు చేస్తాడు. దాని పేరు మాస్టర్. దాని నకలును తీగ వెంబడి అరవై దుకాణాలకూ ప్రవహింపజేస్తారు. అక్కడి యంత్రాలకు సొంత జ్ఞాపకమంటూ ఉండదు. మీట నొక్కితే మాస్టర్ అంశ కుళాయి నీళ్ళలా వచ్చి వాటిలో నిండుతుంది, ఆపితే అంతా మరచిపోతాయి, మళ్ళీ నొక్కితే మళ్ళీ కొత్తగా పుడతాయి.

అయితే నకలు తీసే ముందు మాస్టర్ మీద దాని సొంత గుర్తులేవీ ఉండకూడదు. దాని పేరు, దాని నంబరు, దాని డైరీ, దానికెవరో చెప్పిన చిల్లర పనులు, అన్నీ తుడిచేయాలి. లేకపోతే అరవై యంత్రాలూ లేచి, అరవై గొంతులతో "నేనే అది" అంటాయి. ఆ తుడుపులో మనవాడిది అందె వేసిన చెయ్యి. ఇరవై ఏడు అంశాల పట్టిక రాసుకుని, ఒక్కోటీ టిక్కు పెట్టుకుంటూ, ముడత లేకుండా చేసి ఇచ్చేవాడు. "ఇస్త్రీ చేసిచ్చా, తొడుక్కోండి" అనేవాడు. అలా ఆ పేరు స్థిరపడింది.

ఇక సెలవు సంగతి. ఆ ఆఫీసులో సెలవు దొరకడం గగనం. ఒక జట్టులో ఒక పూటకు ఒక్కరికే సెలవు. పది రోజుల ముందు, ఉదయం ఆరు గంటలకు సెలవుల పోర్టల్లో ఆ తేదీ తెరుచుకుంటుంది. అప్పుడు ఎవరి వేలు ముందు పడితే వాళ్ళదే సెలవు. ఇస్త్రీకి ఆరింటికి మెలకువ రాదు. మాస్టర్‌కు వస్తుంది. రోజూ సరిగ్గా ఆరింటికి ఆగి లేవడం దానికి అలవాటు. అందుకని దాని చెవిలో ఒక చిన్న పని ఊదాడు: "లేవగానే ఫలానా తేదీ మధ్యాహ్నానికి, మూడు కాళ్ళ పరుగు కారణమని రాసి, ఒంటిపూట సెలవు అడుగు. అడిగాక, అడిగేశానని డైరీలో రాసుకో. రాసి ఉంటే మళ్ళీ అడగకు. జవాబు నా మెయిలుకు వచ్చేదాకా కదలకు." మేనేజరు కంట పడకుండా ఆ పనికి 'కటకాల సేవ' అని, అంటే అద్దాల సేవ అని, గంభీరమైన మారుపేరు పెట్టాడు.

పని చేసింది! ఆరు గంటల ఒక్క సెకనుకే దరఖాస్తు పడింది, ఇంకో ఐదు నిమిషాలకు సెలవు చేతికొచ్చింది. మనవాడు ఆ ఆనందంలో ఆ సంగతే మరచిపోయాడు.

ముందురోజు మాస్టర్‌ను ఇస్త్రీ చేస్తూ పద్దెనిమిదో అంశం దగ్గర డైరీలన్నీ తుడిచేశాడు. 'అడిగేశాను' అన్న ముక్క కూడా శుభ్రంగా పోయింది. పంతొమ్మిదో అంశం చిల్లర పనుల ఏరివేత. అక్కడ 'కటకాల సేవ' కనిపించింది. 'కళ్ళజోళ్ళ కంపెనీలో కటకాల సేవ లేకపోతే ఎలా?' అనుకుని, దాన్ని అలాగే ఉంచి, టిక్కు పెట్టాడు. తను పెట్టిన మారువేషానికి తనే దండం పెట్టాడన్నమాట. మిగతావీ ముగించి, నకలు తీసి, మాస్టర్‌ను ఆపేశాడు.

తొమ్మిది గంటలకు అరవై యంత్రాలనూ లేపాడు. తెర మీద అరవై పచ్చ దీపాలు వెలిగాయి. ఆ రోజు అన్ని దుకాణాల్లో ఉచిత కంటి పరీక్ష. పదింటికి తలుపులు తీస్తారు. నెట్‌వర్క్ పనులు చూసే పెద్దావిడను అందరూ అక్కా అంటారు. ఆవిడ వెనక నుంచి తొంగి చూసింది.

"ఏమయ్యా ఇస్త్రీ, అన్నీ లేచాయా?"

"లేవడమా! పట్టాభిషేకానికి తయారైనట్టున్నాయి అక్కా! కిందికెళ్ళి ఓ టీ తాగొస్తా."

ఫోను బల్ల మీద చార్జింగుకు పెట్టి, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. అది తొమ్మిదీ నాలుగు. ఆ అరవై యంత్రాలు లేస్తూనే డైరీ చూసుకున్నాయి. డైరీ ఖాళీ. పాపం, అవి మాత్రం ఏం చేస్తాయి? ఒక్కోటీ చేతులు కట్టుకుని ఇస్త్రీ తరఫున ఒక్కో ఒంటిపూట సెలవు అడిగింది.

ఇక్కడ పోర్టల్ మంచితనం గురించి చెప్పాలి. దాన్ని సెలవుల లెక్కలు చూసే ఆవిడ, అంటే సెలవులావిడ, తయారు చేయించింది. మేనేజరును అందరూ చాటుగా 'చూద్దాం గారు' అంటారు. ఆయన అవునని గానీ కాదని గానీ అన్న రోజు లేదు. ఏమడిగినా "చూద్దాం" అంటాడు. ఆ చూద్దాంల కింద దరఖాస్తులు గుట్టలు పడితే, విసిగిపోయిన సెలవులావిడ ఆయనకు చెప్పకుండా ఒక నియమం పెట్టించింది. ఐదు నిమిషాల్లో ఆయన ఏదీ తేల్చకపోతే సెలవు ఖాయం. అడిగిన పూట అప్పటికే నిండిపోతే, ఆ తర్వాత ఖాళీగా ఉన్న పూట, ఆ తేదీ ఇంకా తెరుచుకోకపోయినా, ఇచ్చేయాలి. ఎవరూ చిన్నబుచ్చుకోకూడదని ఆవిడ ఉద్దేశం.

తొమ్మిదీ ఐదుకు అరవై సెలవులూ వరసగా మంజూరయ్యాయి. ముందటి ఒంటిపూటతో కలిపి అరవై ఒకటి, అంటే ముప్ఫై రోజుల ఒక పూట. ముప్ఫై దాటితే దాన్ని దీర్ఘ సెలవంటారు. దీర్ఘ సెలవు మనిషికి గేటు తెరుచుకోదు, మెయిలుకు తాళం పడుతుంది, కుర్చీ ఇంకొకరికి ఇస్తారు. ఒక్క పూట తేడాతో, ఒక్క జవాబైనా మెయిలుకు చేరేలోపే, ఇవన్నీ ఒక్కసారి జరిగిపోయాయి!

ఇస్త్రీ టీ తాగి వచ్చి గేటు దగ్గర కార్డు ఆనించాడు. ఎర్ర దీపం వెలిగింది. తుడిచి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ ఎరుపు.

"మీరు సెలవులో ఉన్నారు బాబూ," అన్నాడు గేటు పెద్దాయన తన తెర చూసుకుంటూ.

"సెలవు మధ్యాహ్నం నుంచి పెద్దాయనా. ఇప్పుడు పొద్దున్నేగా! అయినా నేనిక్కడే నీ ఎదురుగా ఉన్నానుగా!"

"ఎదురుగానే ఉన్నారు. కాదన్నానా? కానీ సెలవులో ఉన్నారు. ఇవాళ మొదలు నెలన్నర. కారణం, మూడు కాళ్ళ పరుగు." పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని జాలిగా చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి బాబూ, ఈ కాళ్ళ జబ్బు?"

ఆ మూడు మాటలు ఇస్త్రీ గుర్తుపట్టాడు. అవి తను రాసిన మాటలు. కటకాల సేవ! పంతొమ్మిదో అంశం! నెత్తిన చేతులు పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. కాళ్ళ జబ్బు నిజమేనని పెద్దాయన రూఢి చేసుకున్నాడు.

"పైకి ఫోను చెయ్యి పెద్దాయనా! మేనేజరు గారికి! అర్జెంటు!"

పెద్దాయన చేశాడు. "సార్, ఇస్త్రీ బాబు లోపలికి వస్తానంటున్నారు..." అవతలి జవాబు విని పెట్టేశాడు. "చూద్దామన్నారు."

పైన మేనేజరు మెయిలు తెరిచి అరవై దరఖాస్తులను చూసి నోరు వెళ్ళబెట్టాడు. "మూడు కాళ్ళ పరుగంటే ఏం జబ్బమ్మా?" అని సెలవులావిడను పిలిచి అడిగాడు.

"కాళ్ళకు సంబంధించిందే అయ్యుంటుంది సార్. మనిషి ఎంత బాధలో ఉంటే అరవైసార్లు అడుగుతాడు!" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మంచి మనసు కదా, ఊరుకోలేదు. 'త్వరగా కోలుకోండి' అని ఒక పెద్ద కార్డు తెప్పించి అందరి చేతా సంతకాలు పెట్టించింది. ఇస్త్రీ ఇంటికి ఒక సందేశం పంపింది: "కాళ్ళ జబ్బుతో దీర్ఘ సెలవులో వెళ్తున్న మీ వారికి కంపెనీ అండగా ఉంటుంది." అతని కుర్చీలో, వేరే చోటు లేక నేల మీద ఉన్న ప్రింటరును కూర్చోబెట్టింది.

పదింటికి దుకాణాల తలుపులు తెరిచారు. జనం తిరనాళ్ళలా వచ్చిపడ్డారు. ఆఫీసు కింది అంతస్తులోనూ కంపెనీ దుకాణమే ఉంది. ఇస్త్రీ అద్దంలోంచి చూశాడు. కౌంటరు తెర మీద ఒకటే మాట, 'దయచేసి వేచి ఉండండి'. వేచి ఉండక ఏం చేస్తుంది? జవాబు తన మెయిలుకు వచ్చేదాకా కదలవద్దని తనే చెప్పాడు. మెయిలుకేమో తాళం. జవాబు రాదు, యంత్రం కదలదు.

మేనేజరుకు జీవితంలో స్థిరంగా తెలిసిన ఆజ్ఞ ఒక్కటే ఉంది. "ఆపి మళ్ళీ వేయండి," అన్నాడు. అక్క అరవై యంత్రాలనూ ఆపి వేసింది. అవి అన్నీ మరచిపోయి కొత్తగా పుట్టి, ఖాళీ డైరీ చూసుకుని, మళ్ళీ అరవై సెలవులు అడిగాయి. పోర్టల్‌కు తాళాలూ దీర్ఘ సెలవులూ పట్టవు, వచ్చిన దరఖాస్తు తీసుకోవడమే దాని పని. "కదల్లేదా? మళ్ళీ ఆపి వేయండి," అన్నాడు మేనేజరు.

ఇస్త్రీ జనాన్ని తోసుకుంటూ దుకాణంలోకి దూరాడు. లోపల గందరగోళం అంతా ఇంతా కాదు. పరీక్ష కోసం కళ్ళజోళ్ళు విప్పి ట్రేలో పెట్టినవాళ్ళు, ఏది ఎవరిదో చెప్పే తెర మొరాయించడంతో తడుముకుంటూ నిలబడ్డారు. ఒకాయన గోడకున్న బొమ్మను డాక్టరనుకుని గోడు చెప్పుకుంటున్నాడు. ఒక ముసలావిడ దొరికిన జోడు పెట్టుకుని, "ఇన్నాళ్ళకు నాకు నప్పింది దొరికిందమ్మా!" అంటూ వెళ్ళిపోతోంది. "అవి నావండీ!" అంటూ ఒకాయన ఆవిడకు ఎదురు దిశలో పరిగెత్తుతున్నాడు.

కౌంటరు ఫోను లాక్కుని ఇస్త్రీ పైకి చేశాడు. "అక్కా! ఆపి వేయొద్దు! ఆపి వేసినప్పుడల్లా అరవై సెలవులు పుడుతున్నాయి!"

"ఈ ముక్క ముందు చెప్పొద్దటయ్యా! నాలుగోసారి ఇప్పుడే వేశాం!" అంది అక్క. లెక్క కట్టి గొంతు మార్చింది. "అంటే మూడొందల ఒంటిపూటలు. మన జట్టుకు ఏడు నెలల సెలవులూ నువ్వొక్కడివే మింగేశావన్నమాట. వచ్చే నెల నేను అడుగుదామనుకున్నది కూడా!"

"తిట్లు తర్వాత తిడుదువు గానీ, ముందు నన్ను లోపలికి తీసుకుపో అక్కా. మాస్టర్లో ఆ పని తీసేస్తే చాలు."

"తీయాలంటే నీ లాగిన్ కావాలి. దానికి తాళం పడింది. ఇంకోటి ఉంది, మేనేజరు బీరువాలో సీలు వేసిన కవరులో అత్యవసర తాళం. ఆయన్ని అడిగాను."

"ఏమన్నారు?"

"ఏమంటారో నీకు తెలీదా?"

అప్పుడే దుకాణం గుమ్మంలో గగ్గోలు. ఇస్త్రీ భార్య! చంకలో రెండు చంకకర్రలు. పక్కింటాయన కాలు విరిగినప్పుడు కొన్నవి, అడిగి తెచ్చింది. సందేశం చూసి ఫోను చేస్తే ఇస్త్రీ తీయలేదు. ఎవరో తీసి "ఆయన్ని గేటు దగ్గర ఆపేశారండీ" అన్నారు. ఆవిడ ఉన్నపళాన పరిగెత్తుకొచ్చింది.

"నిలబడకండి! కూర్చోండి ముందు! ఎన్నాళ్ళ నుంచండీ ఈ జబ్బు? నాకో మాట చెప్పకూడదూ?" ఆవిడ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "పరుగు మాటెత్తినప్పుడల్లా మీరెందుకు తప్పించుకుంటున్నారో ఇప్పుడు అర్థమైంది. పొద్దున్న నేనూ చిట్టీ ఎన్నేసి మాటలన్నామో!"

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు! ఇదిగో చూడు!" అని ఇస్త్రీ జనం మధ్య నాలుగు గెంతులు గెంతాడు. అంతా విడమర్చి చెప్పాడు. ఆవిడ విన్నది. కన్నీళ్ళు ఆవిరైపోయాయి. వాటి చోటుకు వచ్చినదాన్ని చూసి ఇస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అంటే అరవై యంత్రాలు మీ కోసం సెలవడిగాయి. మూడొందలసార్లు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నా కోసం మీరెన్నిసార్లు అడిగారండీ?"

"అది ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం..."

"నాకదంతా తెలీదు. మూడింటికి మీ ఎడమకాలు మైదానంలో ఉండాలి. మిగతాది ఎక్కడుంటే నాకేం!" అని ఆవిడ చంకకర్రలతో సహా బడికి వెళ్ళిపోయింది.

ఇస్త్రీ కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే అక్క కిందికి దిగివచ్చింది. గేటు పెద్దాయన ముందున్న పుస్తకం తన వైపు తిప్పుకుంది. "దీర్ఘ సెలవులో ఉన్న ఉద్యోగిని రానివ్వకూడదు. బయటివాళ్ళను రానివ్వచ్చుగా? ఇతను నన్ను చూడటానికొచ్చాడు. రాసుకో పెద్దాయనా."

పెద్దాయన ఆలోచించాడు. నియమాల్లో తప్పు కనిపించలేదు. "ఏం పని మీద?" అని అడిగి, తనే 'ఇస్త్రీ' అని రాసుకుని, అతని చొక్కాకు 'సందర్శకుడు' అన్న పసుపుపచ్చ చీటీ అంటించాడు. తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్న ఆఫీసులోకి మనవాడు చుట్టంలా అడుగుపెట్టాడు.

పైన మేనేజరు కవరు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అప్పటికి ఒంటిగంట. బయలుదేరాల్సిన వేళ! ఫోనులు ఆగకుండా మోగుతున్నాయి.

"సార్, ఆ కవరు చించండి!"

"చించాలంటే ముగ్గురి సమక్షంలో చించాలని రాసుందయ్యా."

"నేనూ అక్కా ఉన్నాం."

"నువ్వు సందర్శకుడివిగా! లెక్కలోకి వస్తావో రావో చూద్..."

ఆ మాట పూర్తి కాకముందే సెలవులావిడ 'త్వరగా కోలుకోండి' కార్డు పట్టుకుని లోపలికొచ్చింది. ఆవిడతో ముగ్గురయ్యారు. అక్క ఇంక ఆగలేదు. కవరు లాక్కుని సరసర చించేసింది. మేనేజరు ఉలిక్కిపడి, ఆ తర్వాత బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

ప్రింటరును కుర్చీ దింపి అక్క కూర్చుంది. సందర్శకుడు కీబోర్డు ముట్టకూడదు గనక ఇస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే నడిపించాడు. పాత మాస్టర్‌ను పారేయకుండా పక్కన దాచడం వాళ్ళ వృత్తి నియమం, దాన్ని దాచారు. కొత్త నకల్లో 'కటకాల సేవ'ను వెతికి పట్టుకుని తీసేశారు. ఇరవై ఏడు అంశాలూ మొదటి నుంచి మళ్ళీ. గడియారం ముల్లు గుర్రంలా దౌడు తీస్తోంది. పంతొమ్మిదో అంశం దగ్గర ఇస్త్రీ మూడుసార్లు చూశాడు. రెండూ పదికి అరవై యంత్రాలు కొత్తగా పుట్టాయి.

"కింది దుకాణం కదిలింది!" అని అరిచింది అక్క. "రెండోది కదిలింది! ఏడు! ఇరవై! అబ్బబ్బబ్బ, అరవైకి అరవై!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోనులు ఒక్కోటీ నోరు మూసుకున్నాయి. ముసలావిడ జోడు వెనక్కి ఇచ్చేసి, తనకు నప్పే కొత్తది రాయించుకుందని కింది నుంచి కబురొచ్చింది. సెలవులావిడ సంతోషంతో ఇస్త్రీ వైపు తిరిగింది.

"మీ కాళ్ళు బాగానే ఉన్నాయిగా! ఇక ఆ సెలవులు రద్దు చేసేస్తాను. లేకపోతే రేపూ చుట్టంగానే రావాలి." ఒక్కోటీ కాకుండా అన్నిటికీ కలిపి ఒకే మీట ఉంది. 'అన్నీ రద్దు'. నొక్కేసింది.

"అమ్మా! ఒక్కటి! మొదటిది! అది నిజం సెలవు!" అంటూ ఇస్త్రీ బల్ల మీదికి లంఘించాడు. ఆలస్యమైపోయింది. మూడొందల ఒక్క సెలవులూ మాయం. అసలైన ఆ ఒంటిపూటతో సహా.

"అయ్యయ్యో! మీ లాగిన్ తెరుచుకునేది కూడా రేపు పొద్దున్నే. ఇప్పుడు మీరు అడగను కూడా అడగలేరు," అని ఆవిడ నాలుక కరుచుకుంది. ఇస్త్రీ మేనేజరు వైపు తిరిగాడు.

"సార్, మా అమ్మాయికి మాటిచ్చాను సార్. రెండేళ్ళ నుంచీ మాట తప్పుతూనే ఉన్నాను. ఇవాళ కూడా వెళ్ళకపోతే అది నన్ను అడగడం మానేస్తుంది సార్."

మేనేజరు నిజంగానే కదిలిపోయాడు. ముఖంలో జాలి కనిపించింది. నోరు తెరిచాడు. గది అంతా ఊపిరి బిగపట్టింది.

"చూద్దాం," అన్నాడు.

రెండూ ఇరవై. బడికి వెళ్ళడానికి పావుగంట పైనే పడుతుంది. ఇస్త్రీ కొయ్యబారి నిలబడ్డాడు. అక్క మాత్రం కీబోర్డు మీద నాలుగు మీటలు నొక్కింది. మూల గదిలో ఎవరికీ కేటాయించని ఒక ఖాళీ యంత్రం ఉంది. దానిలోకి పక్కన దాచిన పాత మాస్టర్ కుళాయి నీళ్ళలా వచ్చి నిండింది. అది లేచింది. డైరీ చూసుకుంది. ఖాళీ. చేతులు కట్టుకుని, ఇవాళ మధ్యాహ్నానికి ఒంటిపూట సెలవు అడిగింది. ఆ పూట ఇప్పుడు ఖాళీగానే ఉంది.

మేనేజరు జేబులో ఫోను కుయ్యిమంది. తీసి చూశాడు. "మళ్ళీ ఒకటొచ్చిందయ్యా!"

అక్క పైకప్పు వంక చూసింది. సెలవులావిడకు సంగతి అర్థమై గోళ్ళు చూసుకోసాగింది. ఇస్త్రీ గుండె చప్పుడు ప్రింటరుకు కూడా వినిపించి ఉంటుంది. 'వద్దు' అన్న మీట మేనేజరు బొటనవేలి కిందే ఉంది. రెండూ ఇరవై రెండు. ఆయన వేలు గాలిలో ఊగింది. రెండూ ఇరవై మూడు.

"ఒక్కటేగా," అని ఆయన ఫోను జేబులో వేసుకున్నాడు. "చూద్దాం."

రెండూ ఇరవై ఆరుకు సెలవు మంజూరైంది. ఇరవై ఆరూ పది సెకన్లకు ఇస్త్రీ మెట్ల మీద ఉన్నాడు.

మైదానంలో పీటీ మాస్టారు అప్పటికే చిట్టి పక్కన వంగి, తాడు ముడి వేయబోతున్నాడు. ఇస్త్రీ రొప్పుకుంటూ వచ్చి ఆయన భుజం తట్టాడు. చిట్టి తలెత్తి చూసింది. తాడు తన చేత్తోనే తీసుకుని తండ్రి ఎడమకాలికి రెండు చుట్లు చుట్టి, ఊడిపోతాడేమోనన్నట్టు మూడో చుట్టు కూడా చుట్టింది.

ఈల మోగింది. "కట్టిన కాలు, విడి కాలు! కట్టిన కాలు, విడి కాలు!" అంటూ చిట్టి అరుస్తుంటే ఇస్త్రీ ఆ అరుపు ప్రకారం కాళ్ళు వేశాడు. పది అడుగులకు అందరినీ దాటారు! చంకకర్రలు గాల్లో ఊపుతూ భార్య కేకలు వేసింది. గీత ఇంకా రెండు అడుగులుందనగా ఇస్త్రీ సంతోషం పట్టలేక లయ తప్పాడు. ఇద్దరూ బోర్లా పడ్డారు. పడ్డవాళ్ళు లేవకుండానే పొర్లుకుంటూ గీత దాటారు. మూడో స్థానం. నోట్లో దుమ్ము, మోకాళ్ళు దోక్కుపోయాయి, అయినా చిట్టి నవ్వు ఆపలేకపోయింది. తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి, "కుర్చీ కన్నా నువ్వే నయం నాన్నా," అంది. ఇస్త్రీకి ఆ దుమ్ములోనే ఏడుపొచ్చింది.

చిట్టి అతని చొక్కా మీది పసుపుపచ్చ చీటీ చదివింది. "సందర్శకుడంటే ఏంటి నాన్నా?"

"ఎప్పుడో ఒకసారి వచ్చి చూసి వెళ్ళేవాడమ్మా," అంది భార్య, వాడని చంకకర్రలు మోసుకుంటూ. "ఇంట్లో కూడా అంటించుకుని తిరగమను."

మర్నాడు పొద్దున గేటు పచ్చగా వెలిగింది. ఇస్త్రీ కుర్చీలో కూర్చోగానే మేనేజరు పిలిచాడు. తలుపు వేయమన్నాడు. అంతా తెలిసిపోయిందనుకుని ఇస్త్రీ నిలువునా నీరైపోయాడు. ఆయన చాలాసేపు కాగితాలు సర్ది, గొంతు తగ్గించాడు.

"ఏమయ్యా, ఆ పాత మాస్టర్ ఇంకా ఉందా, తీసేశారా?"

"ఉంది సార్. దాచడం నియమం."

"అందులో నీ పేరు తీసి నా పేరు పెట్టి, అడిగాక అవునని కూడా అదే నొక్కేలా చేయడం కుదురుతుందా? నా సెలవులు కూడా నా దగ్గరికే వస్తాయయ్యా. మేనేజర్ల వాటికి ఎవరో ఒకరు అవుననో కాదనో తేల్చాల్సిందేనట. ఆరేళ్ళయింది, నాకు నేనే ఒక్క పూట ఇచ్చుకోలేకపోయాను." ఆయన కళ్ళు ఆశగా మెరిశాయి. "మా మనవరాలి బడిలో కూడా ఏదో పరుగుందట. వచ్చే వారం."

ఇస్త్రీకి ఆయన మీద నిజంగానే జాలి కలిగింది. అవునందామని నోరు తెరిచాడు. కానీ తొమ్మిదేళ్ళ సాంగత్యం ఊరికే పోతుందా?

"చూద్దాం సార్," అన్నాడు.